కథ ముందు, పరిభాష తర్వాత: పాలమూరు బడుల్లో ఇంగ్లిష్ కథల చదువు

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఇంగ్లిష్ పీరియడ్‌లో రెండు పనులు జరగాలి. పిల్లలు కథ చదవాలి, చదివిన కథ గురించి మాట్లాడగలగాలి. రెండో పనికి కొంత పరిభాష కావాలి: సెట్టింగ్, ప్లాట్, క్యారెక్టర్, కాన్‌ఫ్లిక్ట్, థీమ్, సింబల్, సిమిలీ, మెటాఫర్. దీన్ని ఎప్పుడు నేర్పాలి, కథకు ముందా తర్వాతా, ఏ భాషలో వివరించాలి అన్న ప్రశ్నల మీద ఇంగ్లిష్ బోధకుల తర్కం వందేళ్లుగా నడుస్తూనే ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ ప్రశ్నలు మరింత పదునెక్కుతాయి. ఇక్కడ ఊళ్లలో పాలమూరు తెలుగు, తండాల్లో లంబాడీ, గట్టు, కేటీ దొడ్డి వైపు రాయచూరు కన్నడం కలిసిన తెలుగు, పట్టణాల గల్లీల్లో ఉర్దూ వినిపిస్తాయి. వీటిలో ఏదో ఒకటి మాట్లాడుతూ పెరిగిన పన్నెండు, పదమూడేళ్ల పిల్ల ఒక రోజు ఆస్కార్ వైల్డ్ కథ ముందేసుకుని కూర్చుంటుంది. ఆ కథలోకి ఆమెకు దారి ఎవరు చూపాలి, ఎలా చూపాలి?

నా అభిప్రాయం దాచను. మన బడుల్లో పరిభాష కథకంటే ముందొచ్చి కథ చోటు ఆక్రమిస్తోంది. థీమ్ నిర్వచనం అప్పజెప్పగల పిల్లలు చాలామందే ఉన్నారు. ఒక కథను తమ మాటల్లో చెప్పి, అందులో తమకు గుచ్చుకున్నది ఏమిటో చెప్పగలవాళ్లు తక్కువ. దీన్ని ఉపాధ్యాయుల అశ్రద్ధ కింద కొట్టిపారేయడం అన్యాయం. పరీక్షల తీరు, మాధ్యమం మారిన వేగం, తెలుగు పాఠానికీ ఇంగ్లిష్ పాఠానికీ మధ్య కట్టుకున్న గోడ, ఇవన్నీ కలిసి తెచ్చిన స్థితి ఇది.

ముందు ఈ నేల సంగతి చూడాలి. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి ఈ మూడు జిల్లాలు విడివడ్డాయి. 2011 జనగణనలో ఆ పాత జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల్లో అదే అట్టడుగు. ఆ లెక్కల్నే కొత్త జిల్లాల వారీగా విడదీస్తే జోగులాంబ గద్వాల 50 శాతం దగ్గర ఆగి తెలంగాణలో చివరన నిలిచింది. అంటే ఇవాళ ఎనిమిదో తరగతిలో ఉన్న ఎంతోమంది పిల్లలకు ఇంట్లో పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేవాళ్లు లేరు. దానికి తోడు గద్వాల చుట్టూ సీడ్ పత్తి సాగు. వానాకాలం సగం గడిచాక క్రాసింగ్ పనులు మొదలైతే పూలు తుంచడానికి, పుప్పొడి అద్దడానికి చిన్న చేతులను పిలుస్తారు. బడి హాజరు పట్టీలో ఆ వారాలు కళ తప్పుతాయి. పండుగలు కాగానే కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి. గుంపు మేస్త్రి వెంట ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయే కుటుంబాల పిల్లలు అవ్వ దగ్గరో, హాస్టల్లోనో మిగులుతారు. ఎనిమిది యూనిట్ల పాఠ్యపుస్తకాన్ని జూన్ నుంచి మార్చి దాకా తెగకుండా చదివే పిల్లలు ఇక్కడ అందరూ కారు.

ఈ నేల మీదికే ఇంగ్లిష్ మాధ్యమం వేగంగా వచ్చింది. 2008లో ఉమ్మడి రాష్ట్రం సక్సెస్ స్కూళ్ల పేరుతో ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు తెరిచింది. 2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ‘మన ఊరు – మన బడి’ని ప్రారంభించింది వనపర్తిలోనే. 2022–23 విద్యా సంవత్సరం నుంచే ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. ఆ పుస్తకాల నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. సైన్సు, సాంఘికశాస్త్రం చదివే పిల్లకు ఎదురు పేజీలో తన భాష తోడుంటుంది. కథ చదివేటప్పుడు మాత్రం ఆ తోడు లేదు. ఇంగ్లిష్ వాచకంలో ఎదురు పేజీ ఉండదు, ఉండకూడదన్నది చాలామంది నమ్మకం.

పిల్లలు ఏమేరకు చదవగలరన్నది తేల్చుకోకుండా థీమ్ గురించి మాట్లాడటం వృథా. 2022 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని తమ సొంత భాషలో చదవగలిగినవాళ్లు 69.6 శాతం. తేలికైన ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 46.7 శాతం. అంటే సగానికి పైగా పిల్లలకు చిన్న వాక్యమే కొరుకుడు పడటం లేదు. అదే తరగతి వాచకంలో కమలాదాస్, డికెన్స్, వైల్డ్, అసిమోవ్ ఉన్నారు.

ఆ వాచకాన్ని నేను తప్పుపట్టను. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్నప్పుడు, 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2011 రాష్ట్ర చట్రం వెలుగులో తయారైన ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లిష్’ వరుసలో ఎంపిక బాగుంది. ఏడో తరగతిలో గుర్రం బొమ్మ గీసే తెనాలి రామకృష్ణుడు పిల్లలకు ముందే చుట్టం. ఎనిమిదో తరగతిలో ‘ద టాటర్డ్ బ్లాంకెట్’, ‘ద సెల్ఫిష్ జెయింట్’, ‘ద ఫన్ దే హ్యాడ్’, ఆలివర్ ట్విస్ట్ నాటక భాగం, అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’ ఇంగ్లిష్ అనువాదం ఉన్నాయి. పదమూడేళ్ల వయసుకు ఇంతకంటే మంచి కథలు ఏరడం కష్టం. చిక్కు వాటిని చెప్పే పద్ధతిలో ఉంది.

‘టాటర్డ్ బ్లాంకెట్’నే దగ్గరగా చూద్దాం. మలయాళంలో మాధవికుట్టిగా రాసిన కమలాదాస్ కథ ఇది. ఢిల్లీలో పెద్ద ఉద్యోగం చేసే గోపి చాలా ఏళ్ల తర్వాత ఊరికి వస్తాడు. ముసలి తల్లి అతణ్ణి గుర్తుపట్టదు. అక్క కమలం ఎంత చెప్పినా ఆమెకు ఎదురుగా ఉన్నవాడు ఎవరో కొత్త మనిషే. ఆమె మనసులో గోపి మాత్రం చెక్కుచెదరలేదు: ఢిల్లీలో ఉన్నాడు, గొప్ప ఉద్యోగం, అమ్మంటే ప్రాణం. అందుకే ఈ కొత్త మనిషితో, నా దుప్పటి చిరిగిపోయిందని మా గోపికి చెప్పు, కొత్తది తెమ్మను అంటుంది. గోపి వచ్చింది అమ్మను చూసిపోదామని కాదు, ఆస్తిలో తన వాటా అమ్ముకోవడం గురించి. ఇంతే కథ. కొట్లాట లేదు, మలుపు లేదు, చివర్లో ఎవరూ మారరు.

ఈ కథ కింద నోటుబుక్కుల్లో కనిపించే జవాబు దాదాపు ఒక్కటే: తల్లిదండ్రులను గౌరవించాలి. గైడ్లలో ఉన్నదీ, బోర్డు మీద రాసేదీ, పరీక్షలో మార్కు పడేదీ అదే. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ దాన్ని రాయడానికి ఈ కథ చదవనక్కర్లేదు. తల్లీ కొడుకూ ఉన్న ఏ కథ కిందైనా అది అతుకుతుంది. ఈ కథకే చెందిన సంగతులు వేరు. కొడుకు ముఖం మరచిన తల్లికి దుప్పటి ఎందుకు గుర్తుంది? కళ్లముందున్న కొడుకు కంటే ఊహలోని కొడుకు ఆమెకు ఎందుకు నిజం? అమ్మ దగ్గర ఉండి రోజూ సేవ చేసిన కమలం గురించి ఆమె ఎందుకు అంత మురిసిపోదు? పిల్లలు ఈ ప్రశ్నల దగ్గర ఆగి వాదించుకుంటే థీమ్ వాళ్ల చేతికి వస్తుంది. నిజానికి పాలమూరులో ఈ కథకు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వలస పోయిన కొడుకు కోసం గడప దగ్గర కూర్చున్న అవ్వ లేని ఊరు ఇక్కడ ఏది? దుప్పటి అనగానే కురుమల గొంగడి గుర్తుకురాని పిల్లలు ఎందరు? తాత కప్పుకున్న గొంగడి చిరిగినా పారేయని ఇళ్లు ఉన్నాయి. ఆ గొంగడి దగ్గర మొదలుపెట్టి, మీ అవ్వ ఏ వస్తువు పారేయనీయదు, ఎందుకు అని అడిగితే, సింబల్ అనే సంగతి ఆ పేరు చెప్పకముందే తరగతి గదిలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత పేరు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

నీతికీ థీమ్‌కూ తేడా చెరిగిపోవడం వెనక పాత చరిత్ర ఉంది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చిన నాటి నుంచి తెలుగు బడి కథకు, చివర ఒక నీతి ఉండాలన్న అలవాటు బలపడింది. పంచతంత్రానికి అది సొగసే, ఆ కథలు కట్టిందే నీతి కోసం. కానీ ఆధునిక కథానిక అలా కట్టింది కాదు. ఇంగ్లిష్ సాహిత్యం మన దేశపు బడుల్లోకి వచ్చిన దారి కూడా నీతి దారే. గౌరి విశ్వనాథన్ 1989లో ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’ అన్న పుస్తకంలో చూపినట్టు, ఇంగ్లిష్ సాహిత్యం ఒక చదువు విషయంగా ఇంగ్లండ్‌లో పాదుకోకముందే భారతదేశంలో పాఠ్యాంశమైంది. మత బోధ నేరుగా చేయడం కుదరని చోట మంచి నడవడిక నేర్పే సాధనంగా దాన్ని వాడుకున్నారు. ఆ రెండు ప్రవాహాలూ కలిసి, కథ అంటే బుద్ధి చెప్పేది అన్న నమ్మకాన్ని మన పరీక్ష పత్రంలో స్థిరపరిచాయి.

ఇక పరిభాష విషయం. ప్లాట్ నేర్పడానికి కొండ ఆకారంలో ఒక గీత గీస్తారు: ఎక్కుడు, శిఖరం, దిగుడు. ఆన్‌లైన్ వర్క్‌షీట్లలో, ప్రైవేటు బడుల నోట్సులో ఇది బాగా ప్రచారంలో ఉంది. దీని మూలం జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో నాటకకళ మీద రాసిన పుస్తకం. ఆయన చూసింది అయిదంకాల విషాద నాటకాలను. ఆ కొలతను అన్ని కథలకూ పెడితే ఏమవుతుందో ‘టాటర్డ్ బ్లాంకెట్’ చెబుతుంది. అందులో శిఖరం ఎక్కడ? పిల్లలు ఏదో ఒక వాక్యాన్ని శిఖరమని రాసేస్తారు, ఎందుకంటే ఖాళీ గడి నింపాలి కదా. కథ తీరును గమనించడానికి పుట్టిన బొమ్మ కథ తీరును కప్పేస్తుంది.

అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు ఆరో తరగతి పిల్ల థీమ్‌ను గుర్తించి, అది ఏ వివరాల ద్వారా వ్యక్తమవుతోందో చూపాలని, తన సొంత అభిప్రాయం కలపకుండా సారాంశం చెప్పాలని అడుగుతాయి. అందులో వివరాలతో చూపడం అన్న భాగం ఎక్కడైనా పనికొచ్చేదే. మన దగ్గరికి వచ్చేసరికి ఆ భాగం రాలిపోయి, థీమ్ ఏమిటి అన్న ఒక మార్కు ప్రశ్న మాత్రం మిగిలింది. పైగా ఆ ప్రమాణాలు ఎక్కువగా ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలను ఎదుట పెట్టుకుని రాసినవి. అలాంటి విద్యార్థులకు సైతం కథా కవితా తేలిగ్గా లొంగవని ఐ.ఎ. రిచర్డ్స్ ఎప్పుడో చూపించాడు. కేంబ్రిడ్జ్ విద్యార్థులకు కవుల పేర్లు చెప్పకుండా కవితలిచ్చి, వాళ్లు రాసిన స్పందనలను 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’లో విశ్లేషించాడు. చాలామంది పైకి కనిపించే మామూలు అర్థం దగ్గరే తడబడ్డారు, ముందే సిద్ధంగా ఉన్న భావాలను కవిత మీద రుద్దారు. తల్లిదండ్రులను గౌరవించాలి అన్న మన పిల్లల జవాబు ఆ రెండో కోవకే చెందుతుంది. కేంబ్రిడ్జ్‌లోనే అలా ఉంటే, అయిజ, పెబ్బేరు, అచ్చంపేట బడుల్లో ముందు మామూలు అర్థం కుదిరేదాకా ఆగడం తప్పు కాదు, తప్పనిసరి.

అమెరికన్ అధ్యాపకురాలు లూయీస్ రోజెన్‌బ్లాట్ 1938లో మరో దిక్కు నుంచి మాట్లాడింది. అర్థం పుస్తకంలో దాగిన వస్తువు కాదని, చదివే మనిషి బతుకుకూ రచనకూ మధ్య పుడుతుందని ఆమె వాదం. రిచర్డ్స్ చెప్పినదీ ఆమె చెప్పినదీ ఒకదానికొకటి ఎదురు అనుకునేవారున్నారు. నాకు అలా అనిపించదు. పిల్ల తన బతుకు నుంచి కథలోకి రావాలి, వచ్చాక కథలోని మాటలకు కట్టుబడాలి. గొంగడి నుంచి దుప్పటికి రావచ్చు, కానీ దుప్పటి గురించి ఆ తల్లి ఏమన్నదో చూపాలి.

మన దేశంలోనే జరిగిన పనులు ఈ చర్చలో ఇంకా దగ్గరివి. 1920ల్లో బెంగాల్‌లో పనిచేసిన మైఖేల్ వెస్ట్, ఇక్కడి పిల్లలకు ముందు కావలసింది చదవడమేనని, కొత్త మాటలు లెక్కగా, కొద్దికొద్దిగా వచ్చే పుస్తకాలు రాయాలని వాదించి, అలాంటి వాచకాలు తయారుచేశాడు. 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారత బడుల్లో ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగం, పిల్లలు అర్థం మీద మనసు పెట్టినప్పుడే భాష వంటబడుతుందని చెప్పింది. వ్యాకరణ నియమం చెప్పి అభ్యాసం చేయించే పద్ధతికి అది ఎదురు నిలిచింది. ఆ మాట పరిభాషకూ వర్తిస్తుంది: మెటాఫర్ నిర్వచనం కంఠతా పట్టినంత మాత్రాన మెటాఫర్ పట్టుబడదు. ఇక సి.జె. డాడ్సన్ 1967లో వేల్స్ అనుభవంతో ద్విభాషా పద్ధతిని ప్రతిపాదించాడు. ఉపాధ్యాయుడు తల్లిభాషను దొంగచాటుగా కాక, పద్ధతి ప్రకారం, కొలతతో వాడాలన్నది దాని సారం. మన బడుల్లో తెలుగు వాడకం ఎలాగూ జరుగుతోంది. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు ఆపి, పోగానే మొదలుపెట్టే పని అది. పాఠమంతా తెలుగులో చెప్పేసి, జవాబులు మాత్రం ఇంగ్లిష్‌లో బోర్డు మీద రాయడం దాని సాధారణ రూపం. తెలుగు అక్కడ పిల్లల ఆలోచనకు సాయపడదు, వాళ్లకు బదులుగా ఆలోచించి పెడుతుంది. డాడ్సన్ చెప్పినదానికి ఇది తలకిందులు.

ఇప్పుడు గోడ సంగతి. ఇంగ్లిష్ పీరియడ్ గంట కొట్టాక అదే పిల్లలు అదే బల్ల మీద తెలుగు ‘నవ వసంతం’ తెరుస్తారు. హైస్కూలు దాటేలోగా వాళ్లు అనుప్రాసలు, ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకం, అతిశయోక్తి అన్నీ చదువుతారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని ఉపమను నాలుగు ముక్కలుగా విడదీయడం నేర్చుకుంటారు. ఇది ఇంగ్లిష్ పాఠంలో సిమిలీ గురించి చెప్పేదానికంటే లోతైన విశ్లేషణ. అయినా ఇంగ్లిష్ సారు సిమిలీని మొదటిసారి పుట్టిన సంగతిలా చెబుతారు, పిల్లలు దాన్ని మళ్లీ మొదటి నుంచి కంఠతా పడతారు. తెలుగులో అలంకారం గుర్తించమంటే గుర్తిస్తారు, ఇంగ్లిష్‌లో అడిగితే బిక్కమొహం వేస్తారు. ఒకే తెలివి రెండు పీరియడ్ల మధ్య దారి తప్పుతోంది. మా తాత నడుము కొడవలి లెక్క వంగింది అన్న పిల్లకు సిమిలీ ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆమె నోట ఉన్నదాన్ని ఇంగ్లిష్ వాక్యంలో పెట్టడం నేర్పాలి, అది వేరే పని.

సినిమా సంగతీ అంతే. ఫ్లాష్‌బ్యాక్, క్లైమాక్స్, సస్పెన్స్, ట్విస్ట్ అన్న మాటలు నాగర్‌కర్నూల్ బస్టాండులో నిలబడ్డ ఏ పిల్లవాడికైనా తెలుసు. కొత్త సినిమా కథ స్నేహితుడికి చెప్పేటప్పుడు హీరో చిన్నప్పటి కథ ఎక్కడ వస్తుందో, ఎందుకు ఆలస్యంగా చెప్పారో కూడా వివరిస్తాడు. అది కథన క్రమం గురించిన విమర్శే. ఆ పరిజ్ఞానానికి తరగతి గదిలో విలువ ఇస్తే సగం పరిభాష ఉచితంగా చేతికొస్తుంది. ఇలాంటి వనరును వాడుకోకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

సినిమాకు ముందు నుంచీ ఈ నేల కథల నేల. విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకున్న సంస్థానం, కవి పండితులను ఆదరించిన వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు ఇక్కడివే. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోల్కొండ కవుల సంచిక’ తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గద్వాల నడిగడ్డ బిడ్డ. ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గోరటి వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. ఆ ఘనతను ఇక్కడ ఏకరువు పెట్టడం నా ఉద్దేశం కాదు. నా దృష్టి ఇంకా కింద, అక్షరం రాని ఇళ్లలో నిలిచిన కథల మీద ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాకే చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడే కథల్లో పండుగ సాయన్న ఒకడు. ఉన్నోళ్ల దగ్గర దోచి లేనోళ్లకు పెట్టాడని పాలమూరు ఇప్పటికీ తలచుకునే వీరుడు. కిన్నెర కళ ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో పాఠంగానూ చేరింది.

సాయన్న కథ పక్కన రాబిన్‌హుడ్ కథ పెట్టండి. ఊళ్లు వేరు, కాలం వేరు, ఆయుధాలు వేరు, దొరలు వేరు. అన్నీ వేరైనా రెండింటిలో ఒకటే నడుస్తోందని ఏడో తరగతి పిల్ల గబుక్కున పట్టేస్తుంది. ఆ ఒకటే ఏమిటి అని అడిగితే చట్టానికీ న్యాయానికీ మధ్య దూరం గురించి తన మాటల్లో ఏదో చెబుతుంది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ఒక్క కథ చదివితే అందులో ఏం జరిగిందో తెలుస్తుంది. రెండు కథలు పక్కపక్కన పెడితేనే, జరిగినదాన్ని దాటి నిలిచేది ఏమిటో కంటికి ఆనుతుంది. థీమ్ నేర్పడానికి నిర్వచనం కంటే రెండో కథ బాగా పనికొస్తుంది. ఆ రెండో కథ పిల్లలకు ముందే వచ్చినదైతే సగం శ్రమ తగ్గుతుంది. పాఠ్యపుస్తకం మొదటి కథ ఇస్తోంది. రెండోది ఊరు ఇవ్వాలి. వీటిలో తేడాలు చూపడమూ అంతే ముఖ్యం. రాబిన్‌హుడ్ కథలో రాజు తిరిగొచ్చి అంతా చక్కబెడతాడు. సాయన్నను చంపేస్తారు. ఈ తేడా ఎందుకొచ్చిందన్న ప్రశ్న పిల్లలను చరిత్ర దాకా తీసుకెళ్తుంది.

ఆలివర్ పాఠం ఇలాగే చేయవచ్చు, జాగ్రత్తగా చేయాలి. డికెన్స్ 1837–39లో ధారావాహికగా రాసిన ఆ నవల వెనక 1834 పేదల చట్టం, అనాథ పిల్లల చేత పని చేయించి అరకొర గంజి పోసే వర్క్‌హౌస్‌లు ఉన్నాయి. సీడ్ పత్తి చేలకు పోయి వచ్చిన పిల్లలు కూర్చున్న తరగతిలో ఇది దూరదేశపు కథ కాదు. అయితే నువ్వూ ఆలివర్ లాంటివాడివే అని ఏ పిల్లవాణ్ణీ నిలబెట్టి చూపకూడదు. కథ ఇచ్చే మేలు ఏమిటంటే, తన గురించి చెప్పుకోలేని పిల్లవాడు ఆలివర్ గురించి మాట్లాడుతూ చెప్పగలడు. ఆ మరుగును గౌరవించాలి.

అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవి కావు. మొదటిది తల్లిదండ్రులది. ఇంగ్లిష్ కోసం బడికి పంపితే అక్కడా తెలుగు కథలేనా అని కూలికి పోయే తల్లి అడిగితే ఆమెను తప్పుపట్టలేం. ఆ పీరియడ్‌లో ఇంగ్లిష్ వినడం, చదవడం, మాట్లాడటం తగ్గకూడదన్నది న్యాయమైన కోరిక. అందుకే తెలుగును ఎక్కడ వాడాలో గీత గీసుకోవాలి. కథలోకి దిగేటప్పుడు, వాదించుకునేటప్పుడు పిల్లల భాష ఉండనివ్వాలి. కథలోని వాక్యాలను చూపేటప్పుడు, తేల్చుకున్నది నాలుగు మాటల్లో చెప్పేటప్పుడు, రాసేటప్పుడు ఇంగ్లిష్ ఉండాలి. ఆలోచన ఉన్న పిల్ల ఇంగ్లిష్ మాట కోసం వెతుకుతుంది. ఆలోచనే లేని చోట ఇంగ్లిష్ మాట ఇచ్చినా అది బోర్డు మీదే ఉండిపోతుంది.

రెండో అభ్యంతరం పరిభాష వైపు నుంచి వస్తుంది. పేర్లు తెలియకపోతే పిల్ల ఒక కథలో గ్రహించినదాన్ని ఇంకో కథకు ఎలా మోసుకెళ్తుంది? ఇది నిజం, ఈ వాదాన్ని నేను ఒప్పుకుంటాను. వట్టెం నవోదయలో సీబీఎస్‌ఈ పుస్తకాలు చదివే పిల్లలకు, ప్రైవేటు బడుల పిల్లలకు ఈ పేర్లు ముందే అందుతున్నాయి. గట్టు కస్తూర్బా విద్యాలయంలో చదివే అమ్మాయికి అవి అందకపోతే రేపు ఇంటర్‌లో, డిగ్రీలో ఆమే వెనకబడుతుంది. కథ చాలు, పేర్లు అక్కర్లేదు అనడం పేద పిల్లలకు అన్యాయం చేయడమే. కాబట్టి పేర్లు నేర్పాలి. ఏడాదికి ఇరవై నిర్వచనాలు కాక అయిదారు నేర్పితే చాలు, అవి మాత్రం మళ్లీ మళ్లీ ప్రతి కథలో వాడాలి. ఆరో తరగతిలో పాత్ర, స్థలకాలాలు. ఏడులో కథ చెప్పే గొంతు, పోలికలు. ఎనిమిదిలో థీమ్, సింబల్. ఈ వరస నా సూచన మాత్రమే, అనుభవం ఉన్న ఉపాధ్యాయులు దీన్ని దిద్దగలరు.

మూడోది మనుషుల కొరత. చాలా అప్పర్ ప్రైమరీ (యూపీ) స్కూళ్లలో ఇంగ్లిష్‌కు ప్రత్యేకంగా స్కూల్ అసిస్టెంట్ ఉండరు. ఉన్నవాళ్లే రెండు, మూడు సబ్జెక్టులు లాగుతారు. 11,062 పోస్టులతో వచ్చిన 2024 డీఎస్సీ కొంత ఊరటనిచ్చింది. కానీ మారుమూల మండలాల్లో పడినవాళ్లు బదిలీ కోసం ఎదురుచూడటమూ మనకు తెలిసిందే. నల్లమలలో మన్ననూరు, అమ్రాబాద్ వైపు చెంచు పిల్లల బడుల్లో ఆ ఊరి కథలు తెలిసిన ఉపాధ్యాయులు దొరకడం ఇంకా కష్టం. అందుకే రెండో కథ భారం ఉపాధ్యాయుడి ఒక్కడి నెత్తిన పెట్టకూడదు. పిల్లలు ఇంట్లో అడిగి తేవాలి.

పరీక్ష గురించి రెండు మాటలే చెబుతాను, ఎందుకంటే అక్కడ చోటు ఇప్పటికే ఉంది. ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టుకు, చదివినదానిపై స్పందనకు మార్కులున్నాయి. ఆచరణలో అవి ఒక నోటుబుక్కులోంచి ఇంకో నోటుబుక్కుకు ఎక్కించే రాతలయ్యాయి. స్పందన రాయమన్నప్పుడు కథలోని ఒక వాక్యాన్ని ఎత్తిచూపి, అది నీకు ఎందుకు ముఖ్యమనిపించిందో మూడు వాక్యాల్లో చెప్పు అని అడిగితే, కాపీ చేసినా పట్టుబడుతుంది. సమ్మేటివ్ పత్రంలో థీమ్ ఏమిటి అన్న ప్రశ్న తీసేసి, రెండు జవాబులిచ్చి ఏది ఈ కథకు సరిపోతుందో కారణం చెప్పమనవచ్చు. ఇంగ్లిష్ తప్పులకు మార్కులు కోయకుండా, కారణానికి మార్కులు వేయాలి.

చివరిగా ఒక ఆచరణ. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఇంగ్లిష్ ఉపాధ్యాయులు ఒక గదిలో, తెలుగు ఉపాధ్యాయులు ఒక గదిలో కూర్చుంటారు. ఏడాదిలో కనీసం కొన్నిసార్లు వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టాలి. మొదటి సమావేశానికి ‘బోన్సాయ్ బ్రతుకు’ తగిన కథ. తెలుగులో పుట్టి, ఇంగ్లిష్ వాచకంలోకి వచ్చి, తెలుగు పిల్లలకు పరాయి భాషలో ఎదురైన కథ అది. చదువు ఆగిపోయిన అక్క, ఉద్యోగం చేసే చెల్లెలు, బాల్కనీలో కుండీలో పొట్టిగా పెంచిన తురాయి, బయట గాలిదుమారంలో మనుషులకు నీడనిచ్చిన తురాయి. కుండీలోని చెట్టుకూ ఆడదాని బతుకుకూ పోలిక పెట్టేది ఎవరు? చదువుకున్న చెల్లెలు కాదు, అక్క. ఈ ఒక్క సంగతి మీద పాత్ర, గొంతు, పోలిక, సింబల్, థీమ్ అన్నీ కూర్చోబెట్టి చెప్పవచ్చు. తెలుగు టీచరు మూల కథ చదివి వినిపిస్తే, ఇంగ్లిష్ టీచరు అనువాదంలోని అదే భాగం చదివిస్తారు. పదో తరగతితో చదువు ఆపించి పెళ్లి చేసే ఊళ్లలో ఆడపిల్లలు ఈ కథ మీద ఏమంటారో వినాలి. రెండో సమావేశానికి రాబిన్‌హుడ్, సాయన్న. మూడోదానికి ‘టాటర్డ్ బ్లాంకెట్’, దాని పక్కన పిల్లలు తమ అవ్వల దగ్గర అడిగి రాసుకొచ్చిన వలస ముచ్చట్లు. నాలుగో జత ఏ మండలానికి ఆ మండలం ఎంచుకోవాలి: అమ్రాబాద్‌లో చెంచు గూడేల (పెంటల) కథ, గట్టులో సరిహద్దు కన్నడ కథ, తండాల్లో లంబాడీ అవ్వ చెప్పే కథ.